ఆ బిల్డింగ్‌కు అనుమతి ఉందా? కొనే ముందు ఫోన్‌లోనే ఇలా చూసుకోండి

ఫ్లాట్ చూశారు. నచ్చింది. బిల్డర్ ఒక ప్లాస్టిక్ ఫోల్డర్ తీసి ‘అన్ని పర్మిషన్లూ ఉన్నాయి సార్, బ్యాంకు లోన్ కూడా వస్తుంది’ అన్నాడు. అడ్వాన్స్ ఇచ్చేయొచ్చా?

2024లో హైదరాబాద్‌లో హైడ్రా కూల్చివేతలు మొదలైనప్పుడు బాధితుల్లో చాలామంది చెప్పింది ఇదే: అనుమతి ఉందన్నారు, బ్యాంకు అప్పు ఇచ్చింది, ఇంకేం చూడాలో మాకు తెలియలేదు అని. ఇంకేం చూడాలో చెప్పడానికే ఈ కథనం. చూడాల్సిన వాటిలో చాలావరకు ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి. అయితే ఏ పోర్టల్ ఏం చెబుతుందో, ఏం చెప్పదో తెలిసి ఉండాలి.

తెలంగాణలో అనుమతి ఎలా ఇస్తున్నారు?

2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టంతో ఇంటి ప్లాన్ కోసం ఆఫీసు చుట్టూ తిరిగే పద్ధతి మారింది. తర్వాత దీని పేరు టీజీ బీపాస్ అయింది. 2025లో ‘బిల్డ్ నౌ’ అనే కొత్త ఆన్‌లైన్ వ్యవస్థను తెచ్చారు. చట్టం పెట్టిన మూడు మెట్లు ఇవి:

• 75 చదరపు గజాల లోపు స్థలం, 7 మీటర్ల లోపు ఎత్తు: అనుమతి అక్కర్లేదు. రూపాయి కట్టి ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చాలు.

• 500 చదరపు మీటర్ల (సుమారు 600 గజాలు) లోపు స్థలం, 10 మీటర్ల లోపు ఎత్తు: స్వీయ ధ్రువీకరణపై వెంటనే అనుమతి.

• అంతకు మించిన స్థలం లేదా ఎత్తు: సింగిల్ విండో. అధికారులు 21 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క.

రెండో మెట్టు దగ్గర కాస్త ఆగండి. ‘వెంటనే అనుమతి’ అంటే అధికారి వచ్చి స్థలం చూసి సంతకం పెట్టాడని కాదు. స్థలం నాదే, నిబంధనలు పాటిస్తాను అని యజమాని రాసిచ్చాడని అర్థం. తనిఖీ ఆ తర్వాత జరుగుతుంది. తప్పు చెప్పినట్టు తేలితే అనుమతి రద్దవుతుంది. నోటీసు ఇవ్వకుండానే కూల్చే అధికారం కూడా ఈ చట్టంలో ఉంది. అంటే ఆన్‌లైన్‌లో అనుమతి పత్రం కనిపించినంత మాత్రాన అన్నీ సరిచూశారని అనుకోకూడదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ దరఖాస్తులన్నీ డీపీఎంఎస్ పోర్టల్ ద్వారా వెళ్తాయి. 2025లో అక్కడ కూడా 18 మీటర్ల ఎత్తు వరకు భవనాలకు స్వీయ ధ్రువీకరణ పథకం తెచ్చారు. లైసెన్సు ఉన్న ఇంజినీర్లు, సర్వేయర్ల వంటి సాంకేతిక నిపుణుల బాధ్యత దీనిలో కీలకం.

మొదట అడగాల్సింది ఫైలు నంబరు

బిల్డర్ చూపించే జిరాక్స్ కాదు, ఆ కాగితం మీది ఫైలు నంబరు మీకు ముఖ్యం. ఆ నంబరుతో పోర్టల్‌లో వెతకండి. అక్కడి వివరాలనూ మీ చేతిలోని కాగితాన్నీ పక్కపక్కన పెట్టి ఈ నాలుగూ సరిచూడండి:

1. సర్వే నంబరు, ప్లాట్ నంబరు ఒకటేనా?
2. ఎన్ని అంతస్తులకు అనుమతి? మీరు కొనేది ఆ లెక్కలోనే ఉందా? స్టిల్ట్ ప్లస్ ఐదుకు అనుమతి ఉన్నచోట ఆరో అంతస్తులో ఫ్లాట్ తక్కువ ధరకు వస్తోందంటే కారణం మీకు అర్థమయ్యే ఉంటుంది.
3. చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలం, అంటే సెట్‌బ్యాక్, ప్లాన్‌లో ఎంత? సైట్‌లో ఎంత?
4. అనుమతి గడువు ఉందా, ముగిసిందా?

జీహెచ్ఎంసీ అనుమతి పత్రాల్లో ఒక షరతు ఉంటుంది: ఆమోదించిన ప్లాన్ కాపీని నిర్మాణ స్థలంలో అందరికీ కనిపించేలా పెట్టాలి. సైట్‌కు వెళ్లినప్పుడు అది ఎక్కడుందని అడగండి. లేదంటే అదీ ఒక సమాచారమే.

తనఖాలో ఉన్న ఫ్లాట్ మీకే అమ్ముతున్నారేమో!

ఇది చాలామంది పట్టించుకోని విషయం. ప్లాన్ ప్రకారమే కడతామన్న హామీగా బిల్డర్ మొత్తం నిర్మాణ విస్తీర్ణంలో 10 శాతాన్ని మున్సిపాలిటీకి తనఖా పెట్టాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే అది విడుదలవుతుంది. తనఖా పెట్టిన ఫ్లాట్లు ఏవో అనుమతి పత్రాల్లో ఉంటుంది. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఈసీ తీసినా తెలుస్తుంది. మీరు చూసిన ఫ్లాట్ నంబరు ఆ జాబితాలో ఉంటే, ఓసీ వచ్చి తనఖా తీరేదాకా డబ్బు కట్టకండి.

రెరాలో ఏం చూడాలి?

స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా ఆ ప్రాజెక్టును రెరాలో నమోదు చేయాలి. నమోదు కాకముందు ప్రకటనలు ఇవ్వడం, బుకింగ్‌లు తీసుకోవడం చట్టవిరుద్ధం. ‘ప్రీ లాంచ్ ఆఫర్’ అన్న మాట వినగానే ఇది గుర్తు తెచ్చుకోండి.

రెండు రాష్ట్రాల రెరా వెబ్‌సైట్లలోనూ ప్రాజెక్టు పేరుతో వెతకొచ్చు. మున్సిపల్ పోర్టళ్లకూ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. ప్రాజెక్టు వివరాలను ప్రజలకు కనిపించేలా పెట్టడం, మూడు నెలలకోసారి తాజా పరచడం ఇక్కడ బిల్డర్‌కు చట్టం పెట్టిన బాధ్యత. ఆమోదం పొందిన ప్లాన్లు, ఎన్ని ఫ్లాట్లు బుక్ అయ్యాయి, పనులు ఎంతవరకు వచ్చాయి వంటివన్నీ దొరకాలి. చివరి అప్‌డేట్ ఏడాది కిందటిదైతే బిల్డర్‌ను కారణం అడగండి. ఇంకో మాట: రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదని ఇదే చట్టం చెబుతోంది.

చెరువు సంగతి వేరుగా చూడాలి

భవన నిర్మాణ అనుమతి యాజమాన్య హక్కుకు రుజువు కాదు. స్థలం చెరువులో లేదనడానికి కూడా అదొక్కటే చాలదు. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుల చుట్టూ 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువుల చుట్టూ 9 మీటర్లు బఫర్‌గా వదలాలి. హెచ్ఎండీఏ తన పరిధిలోని చెరువుల పూర్తి నీటిమట్టం హద్దుల మ్యాపులను, నోటిఫికేషన్లను ఆన్‌లైన్‌లో ఉంచుతోంది. నోటిఫికేషన్ ప్రాథమికమా, తుదిదా అన్నది కూడా చూడండి. ప్రాథమికం అంటే హద్దు ఇంకా ఖరారు కాలేదని అర్థం. నిషేధిత ఆస్తుల జాబితా కోసం రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో సర్వే నంబరుతో వెతకండి.

పక్కింటివాళ్లు కడుతుంటే మీకు చెప్పాలా?

ఇంగ్లండ్‌లో ఎవరైనా ఇల్లు కట్టుకోవడానికి ప్లానింగ్ దరఖాస్తు పెడితే స్థానిక కౌన్సిల్ దాన్ని ప్రజలు చూసే రిజిస్టర్‌లో పెడుతుంది. నిర్ణయం తీసుకోకముందే ఇరుగుపొరుగు అభ్యంతరాలు చెప్పడానికి సాధారణంగా 21 రోజుల గడువిస్తుంది. మన దగ్గరా 21 రోజుల గడువుంది. కానీ అది అధికారి నిర్ణయం తీసుకోవడానికి. పక్కింటి పునాది తవ్వేదాకా మీకు కబురు తెలియకపోవచ్చు. తెలిసేసరికి అనుమతి వచ్చేసి ఉంటుంది. కాబట్టి తవ్వకం కనిపించిన రోజే ఫైలు నంబరు అడగండి. ఉల్లంఘన ఉందనిపిస్తే ఫొటోలతో మున్సిపల్ టౌన్ ప్లానింగ్ విభాగానికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. స్లాబ్ పడక ముందు చేసిన ఫిర్యాదుకు ఉన్న బలం, పడ్డాక ఉండదు.

మరి ఓపెన్ డేటా అంటే?

ఫైలు నంబరు కొట్టి ఒక భవనం వివరాలు చూడటం వేరు. మీ వార్డులో ఈ ఏడాది ఎన్ని అనుమతులు ఇచ్చారు, ఎన్ని అంతస్తులకు ఇచ్చారు, వాటిలో ఎన్నింటికి ఓసీ వచ్చింది అన్నది ఒకే పట్టికగా డౌన్‌లోడ్ చేసుకోగలగడం వేరు. ఆ రెండోదే ఓపెన్ డేటా. అది చేతిలో ఉంటే కాలనీ సంఘం ‘ఇన్ని వందల కొత్త ఫ్లాట్లు వస్తున్నాయి, డ్రైనేజీ పైపు మాత్రం పాతదే’ అని లెక్కతో సహా అడగగలదు.

ప్రభుత్వ సమాచారాన్ని ఇలా పంచాలన్న జాతీయ విధానం 2012లోనే వచ్చింది. తెలంగాణ 2016లో సొంత ఓపెన్ డేటా విధానం ప్రకటించి, ప్రత్యేక పోర్టల్ నడుపుతోంది. కానీ అనుమతుల పోర్టళ్లు ప్రధానంగా దరఖాస్తు పెట్టేవారి కోసం కట్టినవి. కొనేవారు, పక్కింటివారు వాటిలో దారి వెతుక్కోవాల్సిందే.

ఆన్‌లైన్‌లో దొరక్కపోతే?

సమాచార హక్కు చట్టం ఉంది. మున్సిపల్ కార్యాలయంలో 10 రూపాయల రుసుముతో దరఖాస్తు ఇస్తే 30 రోజుల్లో జవాబు రావాలి. ‘వివరాలు ఇవ్వండి’ అని రాయకండి. ఫైలు నంబరు లేదా చిరునామా రాసి, ఆమోదించిన ప్లాన్, అనుమతి పత్రం, తనిఖీ నివేదిక కాపీలు కావాలని విడివిడిగా అడగండి. ఫైలును స్వయంగా పరిశీలించే హక్కు కూడా మీకుంది.

అడ్వాన్స్ ఇచ్చే ముందు గుర్తుంచుకోండి

• ఫైలు నంబరుతో మున్సిపల్ పోర్టల్
• ప్రాజెక్టు పేరుతో రెరా
• ఈసీలో తనఖా, నిషేధిత జాబితాలో సర్వే నంబరు
• చెరువుల మ్యాపు
• పూర్తయిన భవనమైతే ఓసీ

ఇవన్నీ చూశాక యాజమాన్య పత్రాలను లాయర్‌కు చూపించండి. ఇదంతా మహా అయితే రెండు మూడు రోజుల పని. ‘ఈరోజే కట్టకపోతే వేరేవాళ్లు తీసుకుంటారు’ అని ఎవరైనా తొందరపెడితే, తీసుకోనివ్వండి.