గోడ వెళ్లిపోయిన కొట్టం

1947 ఆగస్టు. ఢిల్లీలో జెండా మారిన నెల. ఇంగ్లండ్ వాయవ్య మూలన, లేక్ డిస్ట్రిక్ట్ కొండల మధ్య, ఎల్టర్‌వాటర్ అనే చిన్న ఊరి దగ్గర ఓ పెద్దమనిషి బస్సు దిగాడు. అయిదు మైళ్ల అవతల ఆంబుల్‌సైడ్‌లో ఎక్కాడు. వయసు అరవై. గుండె మొరాయిస్తోంది. ఒకసారి విరిగి అతుక్కున్న కాలు. చెట్ల మధ్య బాట పట్టి, ఆగుతూ ఆగుతూ నడిచి ఒక రాతి కొట్టం ముందు నిలబడ్డాడు.

మన పల్లెల్లో గొడ్ల కొట్టాల్లాంటిదే. పలకరాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన గోడలు, రాతికీ రాతికీ మధ్య ఈల వేసే గాలి, ఎగుడుదిగుడు మట్టినేల. లోపల చీకటి, చెమ్మ. ఎవరైనా ఒకసారి తొంగిచూసి, పనికిరాదని వెనుదిరిగే చోటు. ఆయనకు మాత్రం వెతుక్కుంటున్నది దొరికింది.

ఆయన పేరు కుర్ట్ ష్విట్టర్స్. జర్మనీలోని హానోవర్ ఊరివాడు. చెత్తబుట్టలో చేరాల్సిన బస్సు టికెట్లు, చాక్లెట్ కాగితాలు, చెక్కముక్కలు ఏరి అట్ట మీద అతికించి దాన్ని కళ అన్నవాడు. 1919 నాటికి ఓ బ్యాంకు పేరున్న కాగితంలోంచి ‘కొమెర్ట్స్’ అనే మాట చివరి ముక్క కత్తిరించి తన కళకు ‘మెర్ట్స్’ అని పేరు పెట్టుకున్నాడు. అర్థం లేని ముక్కే. కానీ ఆ తరవాత తాను చేసిన ప్రతి పనికీ అదే పేరు.

అతికించడం అట్ట దాటింది. 1920లలో హానోవర్ ఇంట్లో ఒక గదిలో మొదలై సుద్దతో, చెక్కతో పెరుగుతూ గది గోడలన్నిటినీ మింగేసిన నిర్మాణం ఒకటి లేచింది. ‘మెర్ట్స్‌బావ్’ అన్నాడు దాన్ని. 1937 జనవరిలో నాజీల భయంతో ఆయన నార్వే వెళ్లిపోయాడు. ఇల్లు చూసుకోవడానికి భార్య హెల్మా ఆగిపోయింది. ఆ ఏడే మ్యూనిక్‌లో నాజీలు ‘భ్రష్ట కళ’ పేరుతో పెట్టిన ప్రదర్శనలో ఆయన బొమ్మలను కూడా వేలాడదీసి నవ్వులపాలు చేశారు. ఆయన నార్వేలో రెండోది మొదలుపెట్టాడు. 1940లో జర్మన్ సైన్యం అక్కడికీ వచ్చింది. మంచును కోసుకుపోయే ఓ ఓడలో స్కాట్లండ్ చేరాడు. శత్రుదేశం మనిషని బ్రిటిష్‌వాళ్లు ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో శిబిరంలో పెట్టారు. ఆ శిబిరంలో సుద్ద దొరకక, మిగిలిపోయిన ఓట్స్ జావతో బొమ్మలు చేశాడట. బూజు పట్టి, గది కంపు కొట్టినా ఆపలేదు.

1943 అక్టోబరు 8 రాత్రి మిత్రపక్షాల బాంబులు హానోవర్ మీద పడ్డాయి. ఇల్లు పోయింది, మెర్ట్స్‌బావ్ పోయింది. మరుసటి ఏడాది హెల్మా కేన్సర్‌తో కన్నుమూసింది. శిబిరం నుంచి విడుదలై ఆయన అప్పటికి లండన్‌లో ఉన్నాడు.

అక్కడే ఎడిత్ థామస్ పరిచయమైంది. ఆయన కన్నా దాదాపు ఇరవై ఎనిమిదేళ్లు చిన్నది. మాటిమాటికీ ‘టీ కావాలా’ అని అడిగేదని ఇంగ్లిషులో ఆ మాటనే కుదించి ఆమెను ‘వాంటీ’ అని పిలిచాడు. 1945లో ఇద్దరూ ఆంబుల్‌సైడ్ చేరారు. పొట్టకూటి కోసం ఆ ఊరివాళ్ల ముఖాలు, ఆ చుట్టుపక్కల కొండలు గీసి అమ్మాడు. అలా బొమ్మ గీయించుకున్నవాళ్లలో హ్యారీ పియర్స్ ఒకరు. తోటలు తీర్చే పని ఆయనది. ఎల్టర్‌వాటర్‌లో ఆయన తోట పేరు ‘సిలిండర్స్’. ఒకప్పుడు అది తుపాకీమందు తయారుచేసిన ఫ్యాక్టరీ జాగా, ఆ మందుకు కావాల్సిన బొగ్గు కాల్చే గొట్టాల పేరు తోటకు మిగిలింది. ఆ తోటలోదే ఈ కొట్టం.

1947 జూన్ 20న, సరిగ్గా అరవయ్యో పుట్టినరోజున, న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియం వెయ్యి డాలర్లు మంజూరు చేసిందన్న ఉత్తరం అందింది. పాత మెర్ట్స్‌బావ్ బాగుచేయాలన్నది మొదటి ఆలోచన. కూలిన ఇల్లు ఎక్కడ, ఆయన ఎక్కడ? కొత్తదే కడదామనుకున్నాడు, ఈ కొట్టంలో.

ముందు వెలుతురు కావాలి. ఒక కిటికీ పెట్టారు, వెలుగు చివరి గోడ మీద పడేలా. పియర్స్, ఆయన తోటమాలి చేయందించారు. ఆ తరవాత సుద్ద. తీగలు, కర్రలు గోడకు ఆనించి, సుద్ద కలిపి చేత్తో పులిమి, వంపులు తిప్పి, లేత రంగులు వేశాడు. అందులో ఆ చుట్టూ దొరికినవన్నీ చేరాయి: ఓ ఫ్రేము ముక్క, పిల్లల బంతి, పూలకుండీలకు నీళ్లు పోసే డబ్బా మూతి, ఏటి రాళ్లు. దూరం నుంచి చూస్తే గోడే ఉబ్బి పూసినట్టుంటుంది. ముక్కలు గుర్తుపట్టాలంటే దగ్గరికి వెళ్లాలి.

చలికాలం వచ్చింది. చెమ్మకు సుద్ద ఆరదు. ఆయన రొమ్ములోనూ చెమ్మే. అయినా బస్సు ఎక్కాడు, దిగాడు, ఆ బాటన నడిచాడు. నాలుగు గోడలూ పైకప్పూ కలిసి ఒక్క శిల్పం కావాలన్నది కల. పూర్తికావచ్చినది ఆ ఒక్క చివరి గోడే. డిసెంబరులో మంచం పట్టాడు. 1948 జనవరి 7న బ్రిటిష్ పౌరసత్వం మంజూరైంది. మరునాడు కెండల్ ఆసుపత్రిలో పోయాడు. మూడు దేశాల్లో మూడుసార్లు మొదలుపెట్టి, ఒక్కటీ పూర్తిచేయకుండా వెళ్లిన మనిషి. నార్వేలోది కూడా 1951లో పిల్లలు అగ్గిపుల్లలతో ఆడుకుంటుంటే కాలిపోయింది.

ఇక మిగిలింది ఎల్టర్‌వాటర్ గోడ. దానికీ చెమ్మ పట్టింది. 1965లో న్యూకాసిల్ విశ్వవిద్యాలయంలో కళ బోధిస్తున్న రిచర్డ్ హామిల్టన్ చొరవతో దానికి ఉక్కు చట్రం బిగించి, కొట్టం నుంచి విడదీసి, లారీ మీద న్యూకాసిల్ తీసుకెళ్లారు. పాతిక టన్నుల దాకా బరువు. ఆ విశ్వవిద్యాలయపు హాటన్ గ్యాలరీ భవనంలో దాన్ని కట్టేశారు.

కాపాడారు, సందేహం లేదు. కాకపోతే ఆ గోడ గాలీ వానా తగిలే కొట్టానిది. మ్యూజియం వెలుగులో అది వేరే బొమ్మ అనిపిస్తుంది, నాకైతే. 2011లో లండన్‌లోని రాయల్ అకాడమీ ప్రాంగణంలో, ఆ కొండల ప్రాంతమైన కంబ్రియా రాళ్లతో ఆ కొట్టానికి నకలు కట్టి చూపించారు. నకలుకు అంత మర్యాద దక్కింది.

అసలు కొట్టంలో గోడ తీసిన చోటును మళ్లీ రాళ్లు పేర్చి మూసేశారు. 2006లో లిటోరల్ అనే కళాసంస్థ ఆ జాగా కొని బాగుచేయడం మొదలుపెట్టింది. 2015 డిసెంబరు తుపాను మళ్లీ దెబ్బతీసింది.

1970లో ఆంబుల్‌సైడ్ సమాధిలోంచి ష్విట్టర్స్ అస్థికలనూ తీసి హానోవర్‌కు తీసుకెళ్లారు. ఆంబుల్‌సైడ్ చర్చి ఆవరణలో ఆయన పేరు చెక్కిన రాయి ఇంకా ఉంది, కింద మాత్రం ఎవరూ లేరు.