వారసులు లేని దేవిడీ, అద్దె గర్భం

పత్తర్‌గట్టిలో రాతి కమానుల దుకాణాల వెనుక సాలార్‌జంగ్ వంశీకుల భవంతి దివాన్ దేవిడీ ఉండేది. ఆ వంశంలో చివరివారు మీర్ యూసుఫ్ అలీఖాన్, అంటే మూడో సాలార్‌జంగ్. 1889లో పుట్టిన ఆయన నెల తిరక్కుండానే తండ్రిని పోగొట్టుకున్నారు. 1912లో నిజాంకు ప్రధాని అయి, రెండేళ్లకే పదవి వదిలారు. పెళ్లి చేసుకోలేదు. 1949 మార్చి 2న కన్నుమూసేనాటికి ఆయనకు బిడ్డలు లేరు.

సంతానం లేని హిందూ జమీందారు దత్తత తీసుకుని వంశం నిలుపుకునేవాడు. ముస్లిం వ్యక్తిగత చట్టంలో ఆ దారి లేదు. పెంచుకున్న బిడ్డకు బతికుండగా హిబా (దానం) ఇవ్వవచ్చు, ఆస్తిలో మూడోవంతు దాకా వీలునామా రాయవచ్చు. వారసత్వం మాత్రం రక్తసంబంధీకులకు, జీవిత భాగస్వామికే దక్కుతుంది. బిడ్డలు లేని సాలార్‌జంగ్ సేకరించిన కళాఖండాలతో 1951 డిసెంబరు 16న దేవిడీలోనే మ్యూజియం తెరిచారు. 1958లో హైకోర్టు ద్వారా కుదిరిన రాజీతో బంధువులు వాటిని జాతికి ఇచ్చేశారు. 1968లో మ్యూజియం మూసీ ఒడ్డున కొత్త భవనానికి మారింది.

దత్తతను ఒప్పుకోని ముస్లిం ధర్మశాస్త్రమే పాలిచ్చిన స్త్రీకి మాత్రం తల్లి స్థానం ఇచ్చింది. ఆమె పాలు తాగిన బిడ్డకు ఆమె పిల్లలు తోబుట్టువులు, వారి మధ్య పెళ్లి కుదరదు. ఆస్తి రాకపోయినా ఈ బంధం జీవితాంతం ఉంటుంది. ఇక దత్తత విషయానికొస్తే, మతంతో పనిలేకుండా ఎవరైనా జువెనైల్ జస్టిస్ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2014లో తేల్చింది.

అంతకు చాలా ముందే వైద్యం మరో దారి తెరిచింది. 1978లో తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువు పుట్టాక, ఒకరి పిండాన్ని మరొకరు మోయడం సాధ్యమైంది. డబ్బు తీసుకుని గర్భం మోసే పద్ధతి హైదరాబాద్‌లోనూ వేళ్లూనుకుంది. 2017లో బంజారాహిల్స్‌లోని ఒక కేంద్రంపై అధికారులు దాడి చేసినప్పుడు, 40 మందికి పైగా గర్భిణులు ఒకేచోట కనిపించారు. పేదరికమే వారిని అక్కడికి చేర్చింది.

2022 జనవరి 25న అమల్లోకి వచ్చిన సరోగసీ (అద్దె గర్భం) చట్టం డబ్బు లావాదేవీని నిషేధించింది. వైద్యఖర్చులు, నిబంధనల్లో చెప్పిన ఇతర ఖర్చులు, 36 నెలల బీమా తప్ప మోసే తల్లికి ఇంకేమీ ఇవ్వకూడదు. ఆమెకు పెళ్లయి, సొంత బిడ్డ ఉండాలి, వయసు 25 నుంచి 35 లోపు ఉండాలి, జీవితంలో ఒక్కసారే మోయాలి. పెళ్లికాని పురుషుడికి ఈ చట్టంలో చోటు లేదు. పుట్టిన బిడ్డ సరోగసీ కోరినవారికే చెందుతుంది, మోసిన ఆమెకు చట్టపరంగా ఏ బంధమూ మిగలదు. పాలిచ్చినందుకే బంధుత్వం దక్కిన చోట, తొమ్మిది నెలలు మోసినందుకు ఏమీ దక్కకపోవడం న్యాయంగా లేదు.

నిషేధంతో దందా ఆగలేదు. సరోగసీ బిడ్డ అని చెప్పి, పేద దంపతుల దగ్గర కొన్న శిశువును అప్పగించిన కేసు 2025లో సికింద్రాబాద్‌లో బయటపడింది. డీఎన్‌ఏ పరీక్షే ఆ గుట్టు విప్పింది. జిల్లా మెడికల్ బోర్డు ధ్రువపత్రం, మేజిస్ట్రేట్ కోర్టు ఉత్తర్వు లేకుండా జరిగే సరోగసీ, చట్టం ముందు నిలవదు. క్లినిక్ గడప తొక్కే దంపతులు ముందు ఈ రెండింటి గురించే అడగాలి.