పునర్వినియోగ రాకెట్ల ఆకృతి

ఒకసారి ఎగిరాక సముద్రంలో వదిలేయకుండా, దింపి మళ్ళీ ప్రయోగించగల వాహక నౌకను పునర్వినియోగ రాకెట్ అంటారు. పైకి వెళ్ళేటప్పుడు గాలిని చీల్చుకుపోయే సన్నని రూపం కావాలి. తిరిగొచ్చేటప్పుడు మొద్దు రూపమే మేలు. ముందుభాగం మొద్దుగా ఉంటే షాక్ వేవ్ కాస్త ఎడంగా నిలబడి, వేడిలో ఎక్కువ భాగం గాలిలోకే పోతుందని అమెరికా శాస్త్రవేత్త హెచ్. జూలియన్ అలెన్ 1950ల ఆరంభంలో తేల్చాడు. ఇక నేలమీద దిగే పద్ధతి మూడో చిక్కు.

ఈ అవసరాల మధ్య పెనుగులాట బాగా కనిపించేది అమెరికా స్పేస్ షటిల్‌లో. నాసా ఇంజనీరు మాక్స్ ఫాజెట్ మొదట పొట్టి, తిన్నని రెక్కలు చాలన్నాడు. వైమానిక దళం ఒప్పుకోలేదు. కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్ నుంచి ధ్రువ కక్ష్యలోకి వెళ్ళి, భూమిని ఒక్క చుట్టు చుట్టి అక్కడే దిగాలని కోరింది. ఆ చుట్టుకు పట్టే గంటన్నరలో భూభ్రమణం వల్ల రన్‌వే తూర్పుకు జరిగిపోతుంది. దాన్ని అందుకోవాలంటే నౌక దాదాపు 2,000 కిలోమీటర్లు పక్కకు జారుతూ రావాలి. అందుకే పెద్ద డెల్టా రెక్కలు వచ్చాయి, వాటిని కప్పడానికి మరిన్ని ఉష్ణరక్షక పలకలూ వచ్చాయి. వాండెన్‌బర్గ్ నుంచి షటిల్ ఒక్కసారీ ఎగరలేదు. ఎన్నడూ జరగని ప్రయాణం కోసం ప్రతి ప్రయాణంలోనూ ఆ బరువు మోశారు. పైగా నౌకను ఇంధన ట్యాంకు పక్కన తగిలించడంతో, కొలంబియా అనే షటిల్ పైకి వెళ్ళేటప్పుడు ట్యాంకు నుంచి ఊడిన నురగ ముక్క దాని ఎడమ రెక్క అంచుకు తగిలింది. అలా దెబ్బతిన్న నౌక 2003 ఫిబ్రవరి 1న తిరిగొస్తూ ముక్కలై ఏడుగురు వ్యోమగాములు మరణించారు.

అమెరికాకే చెందిన ఫాల్కన్ 9 రాకెట్‌లో రెక్కలే లేవు. తిరిగొచ్చేది మొదటి దశ మాత్రమే. దాని వేగం కక్ష్యా వేగం కన్నా చాలా తక్కువ కాబట్టి వేడీ తక్కువే. రోడ్డు మీద తరలించడానికి వీలుగా వ్యాసాన్ని సుమారు 3.7 మీటర్లకు పరిమితం చేశారు, అందువల్ల రాకెట్ సన్నగా, పొడుగ్గా తయారైంది. అయినా ట్యాంకులు దాదాపు ఖాళీ అయ్యాక బరువు ఇంజన్ల వైపే ఉంటుంది గనుక నాలుగు కాళ్ళ మీద నిలబడగలదు. రెక్కల బరువు తప్పినా, దిగడానికి కొంత ఇంధనం మిగుల్చుకోవాలి, ఆ మేరకు మోయగల సరుకు తగ్గుతుంది. 2015 డిసెంబరులో తొలిసారి ఇలా దిగింది.

ఇస్రో ఆర్‌ఎల్‌వీ-టీడీ అనే తన పునర్వినియోగ నమూనాకు రెక్కలు పెట్టింది. 2016 మే 23న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆ నమూనా సుమారు 65 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్ళి బంగాళాఖాతంలో దిగింది. రన్‌వే పరీక్షలు కర్ణాటకలోని చిత్రదుర్గ దగ్గర జరిగాయి. చిన్న రెక్కల వల్ల లిఫ్ట్ తక్కువ, అందువల్ల దిగే వేగం ఎక్కువ. 2024 జూన్‌లో మరో నమూనా గంటకు 320 కిలోమీటర్లకు పైగా వేగంతో నేలను తాకింది. బ్రేక్ పారాచూట్ ఆ వేగాన్ని దాదాపు 100కు తగ్గించాకే చక్రాల బ్రేకులు వేశారు.