యజమానిని బట్టి ఫైళ్లను వెతకడం, బ్యాకప్ చేయడం

యూనిక్స్, లినక్స్ వంటి ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ప్రతి ఫైలుకూ ఒక యజమాని ఉంటారు. ఒక వినియోగదారుకు చెందిన ఫైళ్లు ఏ డైరెక్టరీలో ఉన్నా వాటన్నిటినీ కమాండ్ లైన్ నుంచి వెతికి భద్రపరచడం సర్వర్ల నిర్వహణలో తరచూ పడే పని. ఉద్యోగి సంస్థను వదిలి వెళ్లినప్పుడు, విద్యార్థి చదువు ముగించినప్పుడు, ఖాతాను మరో సర్వరుకు మార్చేటప్పుడు ఈ అవసరం వస్తుంది. హోమ్ డైరెక్టరీ ఒక్కదాన్ని కాపీ చేస్తే చాలదు. ఉమ్మడి ప్రాజెక్టు ఫోల్డర్లలో, మెయిల్ పెట్టెలో, తాత్కాలిక డైరెక్టరీల్లో కూడా ఆ వ్యక్తి ఫైళ్లు ఉండవచ్చు.

యజమాని వివరం నమోదయ్యే తీరు

ఫైలు పేరు డైరెక్టరీలో ఉంటుంది. దాని పరిమాణం, అనుమతులు, తేదీలు, యజమాని వివరం ఐనోడ్ అనే నమోదులో ఉంటాయి. ఐనోడ్‌లో యజమాని పేరు ఉండదు, యూజర్ ఐడీ అనే సంఖ్య మాత్రమే ఉంటుంది. ఏ సంఖ్య ఎవరిదో చెప్పేది ఈటీసీ డైరెక్టరీలోని పాస్‌డబ్ల్యూడీ ఫైలు, లేదా పెద్ద నెట్‌వర్కుల్లో ఎల్‌డాప్ సర్వరు. రూట్ ఖాతా సంఖ్య 0. సాధారణ వినియోగదారుల సంఖ్యలు ఇప్పటి లినక్స్ పంపిణీల్లో ఎక్కువగా 1000తో మొదలవుతాయి. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్‌లో 6వ వెర్షన్ దాకా అవి 500తో మొదలయ్యేవి.

ఖాతాను తొలగించినంత మాత్రాన హోమ్ డైరెక్టరీ బయట ఉన్న ఫైళ్లు పోవు. యజమాని గడిలో పేరుకు బదులు వట్టి సంఖ్య కనబడుతుంది. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. యూజర్‌యాడ్ కమాండు మామూలుగా అప్పటికున్న సాధారణ ఖాతాల్లో పెద్ద సంఖ్యకు తర్వాతిదాన్ని కొత్త ఖాతాకు ఇస్తుంది. అందరికంటే చివర తెరిచిన ఖాతాను తీసేసి కొత్తది తెరిస్తే పాత సంఖ్యే కొత్త వ్యక్తికి వస్తుంది, మిగిలిపోయిన పాత ఫైళ్లకూ ఆ వ్యక్తే యజమాని అవుతారు. అందుకే వెతకడం, భద్రపరచడం ఖాతా తొలగింపుకు ముందే జరగాలి.

ఫైండ్‌తో వెతకడం

ఈ పనికి ప్రధాన సాధనం ఫైండ్. యూనిక్స్ 5వ ఎడిషన్‌లో వచ్చిన ఈ ప్రోగ్రామును డిక్ హైట్ రాశారు. ఆర్కైవులు తయారుచేసే సీపీఐఓ కూడా ఆయన రాసినదే. ఒకటి పేర్లు వెతికి ఇస్తే రెండోది ఆ ఫైళ్లను మూట కట్టేలా ఈ రెండింటినీ జోడీగా రూపొందించారు.

రాము అనే వినియోగదారు ఫైళ్లకోసం ఇచ్చే కమాండు ఇలా ఉంటుంది: ఫైండ్ /హోమ్ /వార్ -యూజర్ రాము -టైప్ ఎఫ్. మొదట వెతకాల్సిన డైరెక్టరీలు, తర్వాత యజమాని, చివర మామూలు ఫైళ్లు మాత్రమే కావాలనే షరతు. పేరుకు బదులు సంఖ్యతో వెతకడానికి -యూఐడీ, గ్రూపును బట్టి వెతకడానికి -గ్రూప్ ఉన్నాయి. ఏ ఖాతాకూ చెందని అనాథ ఫైళ్లను -నోయూజర్ పట్టిస్తుంది.

రూట్ డైరెక్టరీ నుంచి వెతికితే ప్రాక్, సిస్ వంటి కృత్రిమ ఫైల్ సిస్టమ్‌లలోకి కూడా ఫైండ్ దిగుతుంది. -ఎక్స్‌డెవ్ ఇస్తే మొదలుపెట్టిన ఫైల్ సిస్టమ్ దాటదు. అయితే హోమ్ వేరే పార్టిషన్‌లో ఉంటే దాన్నీ వదిలేస్తుంది కాబట్టి అలాంటివాటిని విడిగా పేర్కొనాలి. అనుమతి లేని డైరెక్టరీల లోపలికి ఫైండ్ వెళ్లలేదు. కనుక ఈ పనిని రూట్ అధికారంతో చేయాలి. దోష సందేశాలను పారేయకుండా ఒక ఫైలులో దాచి చదవాలి, ఏవి తప్పిపోయాయో వాటివల్లే తెలుస్తుంది.

ఆర్కైవ్ తయారీ

ఫైలు పేరులో వాలుగీత, నల్ అక్షరం తప్ప ఏదైనా ఉండవచ్చు. ఖాళీలు, కొత్త వరుస గుర్తు సైతం చెల్లుతాయి. వరుసకో పేరు చొప్పున జాబితా పంపితే ఇలాంటి పేర్లు ముక్కలైపోతాయి. అందుకే ఫైండ్‌కు -ప్రింట్0 ఇచ్చి పేర్ల మధ్య నల్ అక్షరం ఉంచుతారు. ఆ జాబితాను పైపు ద్వారా ఆర్కైవ్ కట్టే జీఎన్‌యూ టార్‌కు పంపి --నల్, --ఫైల్స్-ఫ్రమ్ ఆప్షన్లతో చదివిస్తారు.

అందిన పేర్లను మరో కమాండుకు అందించే ఎక్స్‌ఆర్గ్స్ ద్వారా టార్‌ను నడపడం ప్రమాదకరం. జాబితా పొడవైతే ఎక్స్‌ఆర్గ్స్ టార్‌ను పలుమార్లు పిలుస్తుంది, ప్రతిసారీ పాత ఆర్కైవ్ మీదే కొత్తది రాయబడి చివరి విడత ఫైళ్లే మిగులుతాయి. జాబితాలో డైరెక్టరీ పేర్లు కూడా ఉంటే టార్ వాటిలో ఉన్న ఇతరుల ఫైళ్లనూ చేర్చుకుంటుంది. --నో-రికర్షన్ దాన్ని ఆపుతుంది.

మరో కంప్యూటరుకు నేరుగా పంపాలంటే ఆర్‌సింక్ అనువైనది. ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మకెరస్ రూపొందించిన ఈ సాధనం 1996లో విడుదలైంది. --ఫ్రమ్0, --ఫైల్స్-ఫ్రమ్ ఆప్షన్లతో ఇదీ ఫైండ్ జాబితాను స్వీకరిస్తుంది.

తిరిగి తెరవడం

టార్ ఆర్కైవ్‌లో యజమాని పేరు, సంఖ్య రెండూ నమోదవుతాయి. రూట్‌గా తెరిస్తే జీఎన్‌యూ టార్ మొదట పేరును చూస్తుంది. ఆ పేరు కొత్త యంత్రంలో లేకపోతే సంఖ్యను వాడుతుంది. అక్కడ ఆ సంఖ్య మరొకరిదైతే ఫైళ్లు వారి పరమవుతాయి. సంఖ్యలనే యథాతథంగా ఉంచాలంటే టార్‌కు --న్యూమరిక్-ఓనర్, ఆర్‌సింక్‌కు --న్యూమరిక్-ఐడీస్ ఇవ్వాలి. సాధారణ వినియోగదారు తెరిస్తే ఫైళ్లన్నీ ఆ వ్యక్తి పేరిటే చేరతాయి.

సరిచూడడం

టార్‌లోని --కంపేర్ ఆప్షన్ ఆర్కైవ్‌ను డిస్కులోని ఫైళ్లతో పోల్చి తేడాలు చూపుతుంది. టార్ పేర్ల ముందున్న వాలుగీతను తొలగిస్తుంది కాబట్టి ఈ పోలికను రూట్ డైరెక్టరీ నుంచి నడపాలి. ఆర్కైవ్‌లో వ్యక్తిగత ఫైళ్లు ఉంటాయి కనుక దానికి 600 అనుమతి పెట్టి ఇతరులు చదవకుండా చూడాలి. ఖాతాను ముందుగా లాక్ చేసి, ఆర్కైవ్ సరిపోయిందని తేలాకే తొలగించాలి. ఆ తర్వాత -నోయూజర్‌తో మరోసారి వెతికితే హోమ్ బయట మిగిలిన ఫైళ్లు బయటపడతాయి. వాటిని తీసేయడమో, బాధ్యత ఉన్న మరొకరి పేరిట మార్చడమో చేస్తే పని పూర్తవుతుంది.