భారతదేశంలో మొబైల్ టారిఫ్‌లు, డేటా వేగాలు: చరిత్ర

మాటకు, సందేశానికి, డేటాకు మొబైల్ కంపెనీలు వసూలు చేసే ధరల పట్టికను టారిఫ్ అంటారు. భారతదేశంలో ఈ చరిత్ర 1995లో మొదలైంది. అప్పటి నుంచి ధరలు ఎన్నోసార్లు పడ్డాయి, కొన్నిసార్లు పెరిగాయి. అంతకంటే పెద్ద మార్పు ధరను కొలిచే కొలతలో వచ్చింది. మొదట నిమిషం, తర్వాత సెకను, ఆపైన ఎంబీ, చివరికి రోజు. కొలత మారిన ప్రతిసారీ ఏ కంపెనీ చవకో తేల్చే లెక్క తారుమారైంది. ఏ ఫోన్‌కు గిరాకీ ఉంటుందన్నది కూడా చాలావరకు ఆ లెక్కను బట్టే నడిచింది.

నిమిషానికి పదహారు రూపాయలు

1995 జులై 31న పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి ఢిల్లీలోని కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌కు ఫోన్ చేశారు. దేశంలో తొలి మొబైల్ కాల్ ఇదే. మోదీ టెల్‌స్ట్రా నెట్‌వర్క్, నోకియా ఫోన్. అప్పటి ధర నిమిషానికి 8.40 రూపాయలు, రద్దీ వేళల్లో రెట్టింపు, అంటే 16.80. ఫోన్ చేసినవారికే కాదు, ఎత్తినవారికీ బిల్లు పడేది. అందుకే సెల్ ఉన్నవాళ్లు కూడా తెరమీద నంబర్ చూసుకుని, కాల్ కట్ చేసి, దగ్గర్లోని ల్యాండ్‌లైన్ నుంచి తిరిగి చేసేవారు.

దేశాన్ని సర్కిళ్లుగా విడదీసి, ఒక్కో సర్కిల్‌కు ఇద్దరేసి ఆపరేటర్లకు ప్రభుత్వం లైసెన్సులిచ్చింది. ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో జేటీ మొబైల్స్, టాటా సెల్యులార్ పనిచేశాయి. మొదటిది తర్వాత ఎయిర్‌టెల్‌లో, రెండోది ఐడియాలో కలిసిపోయాయి. 2014లో రాష్ట్రం రెండైనా టెలికాం పటంలో ఆ సర్కిల్ చెక్కుచెదరలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు ఇప్పటికీ ఒకటే సర్కిల్, ఒకటే లైసెన్సు. సర్కిల్ దాటి బెంగళూరు, చెన్నై వెళ్లే తెలుగువారు మాత్రం చాలా ఏళ్లు రోమింగ్ చార్జీలు భరించారు.

పోటాపోటీగా వేలం పాడుకున్న లైసెన్సు ఫీజులు కంపెనీలకు తలకు మించిన భారమయ్యాయి. 1997లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఏర్పడింది. 1999 నాటి కొత్త టెలికాం విధానం స్థిర రుసుము తీసేసి ఆదాయంలో వాటా చాలంది. ధరలు దిగడానికి అసలు దారి అక్కడే తెరుచుకుంది. ప్రకటనల్లో కనిపించే ఔదార్యం పాత్ర అందులో తక్కువే.

ఇన్‌కమింగ్ ఉచితం

2002లో రెండు సంఘటనలు జరిగాయి. అక్టోబర్‌లో బీఎస్‌ఎన్‌ఎల్ తన సెల్‌వన్ సేవను ప్రారంభించింది. డిసెంబర్ చివర్లో రిలయన్స్ ఇన్ఫోకామ్ సీడీఎంఏ పరిజ్ఞానంతో రంగంలోకి దిగింది. 2003 జులైలో రిలయన్స్ ‘మాన్‌సూన్ హంగామా’ పేరుతో 501 రూపాయలకే ఫోన్ చేతికిచ్చి, మిగతా సొమ్మును నెలవారీ బిల్లులో వేసింది. ఫోన్ తీసుకున్నవారిలో చాలామంది బిల్లు కట్టలేదు, మొండి బకాయిలు గుట్టలయ్యాయి. నెలబిల్లుతో ముడిపెట్టి ఫోన్ అమ్మే పద్ధతి ఈ దేశంలో తర్వాత పెద్దగా నిలబడలేదు. అదే 2003లో, కాల్ చేసినవారే చెల్లించే పద్ధతి అమల్లోకి వచ్చి ఇన్‌కమింగ్ ఉచితమైంది.

దాంతో మిస్డ్ కాల్ పుట్టింది. ఒకసారి మోగించి కట్ చేస్తే ‘బయల్దేరా’, రెండుసార్లయితే ‘వచ్చేశా’ అని ఇళ్లలో సొంత సంకేతాలు ఏర్పడ్డాయి. చివరికి ఇదో వ్యాపారం కూడా అయింది. మిస్డ్ కాల్‌ను ప్రకటనలకు వాడిన బెంగళూరు సంస్థ జిప్‌డయల్‌ను 2015లో ట్విటర్ కొనుక్కుంది.

2006 మార్చి 1 నుంచి బీఎస్‌ఎన్‌ఎల్ ‘వన్ ఇండియా’ పథకంలో దేశంలో ఎక్కడికైనా నిమిషానికి ఒక రూపాయే తీసుకుంది. ఎస్టీడీ బూత్‌ల పసుపు బోర్డులు వెలిసిపోవడం ఆ తర్వాతే జోరందుకుంది.

పైసా, సెకను

2009 జూన్‌లో దక్షిణాది సర్కిళ్లతో మొదలైన టాటా డొకొమో సెకనుకు ఒక పైసా అంది. నిమిషానికి చూస్తే 60 పైసలు, అదేమంత సంచలనం కాదు. మతలబు పల్స్‌లో, అంటే బిల్లు లెక్కించే కనీస వ్యవధిలో ఉంది. అంతవరకు పది సెకన్లు మాట్లాడినా పూర్తి నిమిషం బిల్లు పడేది, డెబ్బై సెకన్లయితే రెండు నిమిషాలు. కొత్త లెక్కలో పది సెకన్లకు పది పైసలే. ‘ఎక్కడున్నావ్, వస్తున్నా’ తరహా కాల్స్ చేసేవారికి ఇది పెద్ద వరం. కొద్ది నెలల్లోనే మిగతా కంపెనీలూ సెకను ప్లాన్‌లు తేక తప్పలేదు.

అప్పుడు ఒక్కో సర్కిల్‌లో పది, పన్నెండు కంపెనీలు ఉండేవి. కిరాణా కొట్లలో రేట్ కట్టర్లు, బూస్టర్లు, ఫుల్ టాక్‌టైమ్ స్క్రాచ్ కార్డులు దండలుగా వేలాడేవి. మామూలు పది రూపాయల టాప్-అప్ వేస్తే పది రూపాయలు పూర్తిగా వచ్చేవి కావు. నేటికీ పన్ను, ప్రాసెసింగ్ ఫీజు పోను చేతికొచ్చేది 7.47. పండగ రోజుల్లో ఎస్సెమ్మెస్ ప్యాక్‌లు పనిచేయకుండా ‘బ్లాకౌట్ డేస్’ పెట్టి మామూలు చార్జీ వసూలు చేసిన తెలివి కూడా ఈ కాలానిదే. 2011 జనవరి 20న నంబర్ మార్చకుండా కంపెనీ మారే సౌకర్యం దేశమంతటా వచ్చింది. అప్పట్లో 1900కు ఒక సందేశం పంపి, 19 రూపాయలు కడితే సరిపోయేది. ‘పోర్ట్ అయిపోతా’ అన్న మాట కస్టమర్ కేర్‌ను కదిలించే ఆయుధమైంది.

టారిఫ్ చెప్పినట్టు ఫోన్

అమెరికాలో ఫోన్‌ను నెట్‌వర్క్ కంపెనీయే రాయితీ మీద అమ్మి, రెండేళ్ల కాంట్రాక్టులో ఆ డబ్బు రాబట్టుకునేది. 2008లో ఐఫోన్ 3జీ అక్కడ కాంట్రాక్టుతో 199 డాలర్లు. అదే ఆగస్టులో ఎయిర్‌టెల్, వొడాఫోన్ ద్వారా ఇక్కడికొచ్చినప్పుడు 8 జీబీ ఫోన్ ధర 31,000 రూపాయలు. పత్రికల్లో గగ్గోలు పుట్టింది గానీ, రెండు ధరలూ పోల్చదగినవి కావు. ప్రీపెయిడ్ దేశంలో ఫోన్ వేరు, సిమ్ వేరు.

సిమ్ వేరు కావడం వల్లే డ్యూయల్ సిమ్ ఇక్కడ విజృంభించింది. అందరికీ తెలిసిన పాత నంబర్ ఇన్‌కమింగ్‌కు, చవక రేటున్న కొత్త నంబర్ అవుట్‌గోయింగ్‌కు. పెద్ద బ్రాండ్లు దీన్ని ఆలస్యంగా గుర్తించాయి. ఆ సందులో మైక్రోమ్యాక్స్, హైదరాబాద్‌లో 2009లో పుట్టిన సెల్‌కాన్ లాంటి దేశీ పేర్లు మార్కెట్‌లోకి దూసుకొచ్చాయి. టార్చ్ ఉన్న నోకియా 1100 (2003), ముప్ఫై రోజుల బ్యాటరీ అంటూ వచ్చిన మైక్రోమ్యాక్స్ ఎక్స్1ఐ (2008) విజయాలకు కరెంటు కోతలే కారణం. ఆ ఫోన్లను కెమెరా మెగాపిక్సెళ్ల లెక్కతో తూచినవారు మార్కెట్‌ను అర్థం చేసుకోలేదు.

2014లో మోటో జీ, షావోమీ ఎంఐ 3 ఫోన్లు ఫ్లిప్‌కార్ట్‌లో మాత్రమే అమ్ముడయ్యాయి. 13,999 రూపాయల ఎంఐ 3 కోసం జనం కంప్యూటర్ ముందు కాచుకున్నారు. ప్రాసెసర్, ర్యామ్ పేర్లు బస్టాండ్ కబుర్లలోకి దిగింది అప్పుడే. మరుసటి ఏడాది షావోమీ అప్పటి చిత్తూరు జిల్లా శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ కర్మాగారంలో ఫోన్ల తయారీ మొదలుపెట్టింది. అక్కడ మొదట తయారైనది రెడ్‌మీ 2 ప్రైమ్.

ఏ ప్రకటనలోనూ కనిపించని లక్షణం భాష. తొలినాళ్ల ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు అక్షరాల చోట ఖాళీ పెట్టెలు కనిపించేవి. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరం ఒక ప్రత్యేక కూర్పులో వస్తే ఐఫోన్ యాప్‌లు కుప్పకూలాయి. లక్ష రూపాయలకు చేరువైన ఫోన్‌ను ఒక్క తెలుగు గుణింతం పడగొట్టింది. యాపిల్ ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేసింది.

ఎంబీల కాలం

2010లో 3జీ స్పెక్ట్రమ్ వేలం ప్రభుత్వానికి సుమారు 67,700 కోట్ల రూపాయలు తెచ్చింది. అంత పెట్టిన కంపెనీలు డేటాను చవకగా అమ్మలేదు. ఒక జీబీ 3జీ ప్యాక్ దాదాపు 250 రూపాయలు పలికేది. చాలామంది నెట్ ఆన్ చేసి, వాట్సాప్ చూసుకుని, మళ్లీ ఆపేసేవారు. పొరపాటున ఆన్‌లో ఉండిపోతే మెయిన్ బ్యాలెన్స్ ఆవిరి. ఆ వేలంతోపాటే జరిగిన బ్రాడ్‌బ్యాండ్ స్పెక్ట్రమ్ వేలంలో దేశమంతటికీ అనుమతి దక్కించుకున్న ఇన్ఫోటెల్ అనే చిన్న సంస్థను రిలయన్స్ ఇండస్ట్రీస్ వెంటనే కొనేసింది. దాని ఫలితం ఆరేళ్ల తర్వాత కనిపించింది.

2016 సెప్టెంబర్ 5న మొదలైన రిలయన్స్ జియో కాల్స్‌కు డబ్బే వద్దంది. 2017 మార్చి 31 దాకా డేటా కూడా ఉచితం. 170 రోజుల్లో పది కోట్ల మంది చేరారు. జియోకు 2జీ, 3జీ లేవు, మాట కూడా 4జీ మీదుగా డేటా రూపంలోనే వెళ్లాలి. అందుకే 4జీ మీద మాట పంపే ‘వోల్టీ’ సదుపాయం లేని ఫోన్ ఎంత ఖరీదైనదైనా దాని మీద నేరుగా కాల్ చేయలేని పరిస్థితి. పల్లెల్లో కూడా ఫోన్ కొనేవారు ముందు అడిగిన ప్రశ్న ‘జియో పడుతుందా?’ అనే. వోల్టీ ఉన్న బటన్ ఫోన్ ‘జియోఫోన్’ 2017లో 1,500 రూపాయల డిపాజిట్‌పై వచ్చింది.

ట్రాయ్ లెక్కల ప్రకారం ఒక జీబీ సగటు ధర 2014లో 269 రూపాయలు, 2018లో 11.78. ఈ పతనంలో కంపెనీలు రాలిపోయాయి. రిలయన్స్ కమ్యూనికేషన్స్ కాల్ సేవలు ఆపేసింది, ఎయిర్‌సెల్ దివాలా తీసింది, టెలినార్, టాటా మొబైల్ సేవలు ఎయిర్‌టెల్‌లో చేరాయి, 2018 ఆగస్టులో వొడాఫోన్, ఐడియా ఒకటయ్యాయి. పన్నెండు మందిలో మిగిలింది మూడు ప్రైవేటు సంస్థలు, బీఎస్‌ఎన్‌ఎల్ లాంటి ప్రభుత్వ సంస్థలు.

రోజు లెక్క

జియో తెచ్చిన అసలు మార్పు ఉచితం కాదు. ‘రోజుకు 1 జీబీ, 28 రోజులు’ అన్న కొలత. అది అందరికీ అంటుకుంది. నెలకు ఒకసారి అనుకుని వేసే రీచార్జ్ ఏడాదికి పదమూడు సార్లు పడుతుంది. ఇవాళ మిగిలిన డేటా రేపటికి రాదు. 2018 చివర్లో ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా కనీసం 35 రూపాయల రీచార్జ్ లేకపోతే ఇన్‌కమింగ్ కూడా ఆపేస్తామన్నాయి. 2003లో ఉచితమైనది పదిహేనేళ్లకు వ్యాలిడిటీ పేరుతో మళ్లీ డబ్బు అడిగింది. ఒకప్పుడు 999 కట్టి ‘లైఫ్‌టైమ్’ ఇన్‌కమింగ్ కొనుక్కున్నవారికి ఇది మింగుడుపడలేదు. 2022 జనవరిలో ట్రాయ్ జోక్యం చేసుకుని, ప్రతి కంపెనీ కనీసం ఒక 30 రోజుల ప్లాన్, ప్రతి నెలా అదే తేదీకి రీచార్జ్ చేసుకునే మరో ప్లాన్ ఉంచాలంది.

వేగం

2జీ నాటి డేటా సేవ జీపీఆర్‌ఎస్‌లో సెకనుకు 40-50 కిలోబిట్లు, 3జీలో కాగితం మీద 7.2 లేదా 21 మెగాబిట్లు. చేతికొచ్చేది అందులో ఏ కొంతో. టవర్ సామర్థ్యాన్ని ఆ క్షణంలో వాడుతున్నవారంతా పంచుకుంటారు కాబట్టి సాయంత్రం రద్దీలో వినియోగదారుడి పరిస్థితి కాలువ చివరి పొలంలాంటిది. మెగాబిట్‌కు, మెగాబైట్‌కు ఎనిమిది రెట్ల తేడా ఉందన్నది కూడా ప్రకటనలు నొక్కి చెప్పవు. ప్రభుత్వ నిర్వచనంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కావలసిన వేగం 2004లో 256 కిలోబిట్లు, 2013లో 512, 2023లో 2 మెగాబిట్లు. రోజువారీ కోటా అయిపోయాక చాలా ప్లాన్‌లలో మిగిలేది 64 కిలోబిట్లు. అంటే దాదాపు జీపీఆర్‌ఎస్ నాటి వేగమే.

5జీ 2022 అక్టోబర్ 1న ప్రారంభమైంది. ఎయిర్‌టెల్ తొలి ఎనిమిది నగరాల్లో హైదరాబాద్ ఒకటి. ఇంటర్నెట్ వేగాలు కొలిచే ఊక్లా సంస్థ లెక్కల్లో దేశపు మధ్యస్థ డౌన్‌లోడ్ వేగం 2022 సెప్టెంబర్‌లో 13.87 మెగాబిట్లుంటే, 2023 ఆగస్టుకు 50.21 అయింది. పెట్టె మీద 5జీ అని ఉన్నా కొన్ని ఫోన్లు వెంటనే అందుకోలేకపోయాయి. ఐఫోన్లు డిసెంబర్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చేదాకా ఆగాయి. 5జీకి మొదట్లో విడిగా ధర లేదు. 2024 జులైలో టారిఫ్‌లు పెరిగినప్పుడు జియో, ఎయిర్‌టెల్ అపరిమిత 5జీని రోజుకు 2 జీబీ, ఆపై ప్లాన్‌లకే పరిమితం చేశాయి. ఆ పెంపులో ఎయిర్‌టెల్ 28 రోజుల కనీస అపరిమిత ప్లాన్ 179 నుంచి 199కి, జియోది 155 నుంచి 189కి చేరాయి.

డేటా అక్కర్లేని పెద్దలు, బటన్ ఫోన్ వాడేవారు కూడా డేటాకు డబ్బు కడుతున్నారన్న ఫిర్యాదు మీద ట్రాయ్ 2024 డిసెంబర్‌లో కాల్స్, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే ప్రత్యేక ప్లాన్‌లు ఉండాలని ఆదేశించింది. మరుసటి నెల ఎయిర్‌టెల్ 509 రూపాయల 84 రోజుల ప్లాన్‌లోంచి 6 జీబీ డేటా తీసేసి 499 అంది. విమర్శలు వచ్చాక ఆ ధరను 469కి తగ్గించింది. జియో తన 84 రోజుల ప్లాన్‌ను 448 దగ్గర నిలిపింది.