బురఖా వెనక మేనల్లుడు

మంగళవారం. 2015 నవంబరు 17.

చెరువులు మొరవ పోయిన నెల అది. చిత్తూరు, నెల్లూరు జిల్లాల్ని వాన వదిలిపెట్టడం లేదు. చిత్తూరు నగరపాలక సంస్థ ఆఫీసులో మాత్రం పనులు ఎప్పటిలాగే నడుస్తున్నాయి. మేయర్ ఛాంబర్‌లో కఠారి అనురాధ. తెలుగుదేశం తరఫున గెలిచి 2014లో ఆ కుర్చీ ఎక్కారు. భర్త మోహన్ కూడా ఆఫీసులోనే ఉన్నారు. ఆడ మేయర్ దగ్గరికి ఆడవాళ్లు రావడం వింత కాదు. బురఖాలో వచ్చినవాళ్లను నిలబెట్టి ముసుగు తియ్యమని ఎవరడుగుతారు?

ఎవరూ అడగలేదు. నల్ల ముసుగు గడప దాటింది.

తుపాకి పేలింది.

అనురాధ అక్కడికక్కడే కూలిపోయారు. ఆ చప్పుడేమిటో జనానికి అర్థమయ్యేలోపే కత్తులు పైకి లేచాయి, మోహన్ పక్కగదిలోకి పరుగు తీశారు, కత్తులు పట్టినవాళ్లు వెంటపడ్డారు, దొరికినచోటల్లా నరికారు, ఫైళ్లూ కుర్చీలూ ఉండే సర్కారు ఆఫీసు పట్టపగలు నెత్తుటి మడుగైంది. కొన ఊపిరితో ఉన్న మోహన్‌ను రాష్ట్రం సరిహద్దు దాటించి వేలూరు సీఎంసీ ఆస్పత్రికి పరుగులు పెట్టించారు. అక్కడ ఆయనా పోయారు.

అధికార పార్టీ మేయరు. ముఖ్యమంత్రి సొంత జిల్లా. ఇంత తెగువ ఎవరికుంది?

చిత్తూరులో పాత కక్షలకు కొదవ లేదు. మోహన్ చరిత్రా చిన్నది కాదు. మాజీ ఎమ్మెల్యే సి.కె. బాబుతో ఆయనకు బద్ధవైరం. బాబు మీద జరిగిన హత్యాయత్నం కేసులో ఆయనే నిందితుడు. కాబట్టి శత్రువు బయటే ఉంటాడనుకోవడం తేలిక. పోలీసుల వేలు మాత్రం అటు పోలేదు. నేరుగా ఇంటివైపు తిరిగింది.

శ్రీరామ్ చంద్రశేఖర్. అందరికీ తెలిసిన పేరు చింటూ. మోహన్‌కు మేనల్లుడు.

మేనల్లుడంటే మనవైపు సంగతి వేరు. పుట్టువెంట్రుకలు తీయించేటప్పుడు మేనమామ ఒళ్లో కూర్చోవాల్సినవాడు. చెవులు కుట్టేటప్పుడు ఏడిస్తే మామ భుజం మీద తల పెట్టాల్సినవాడు. కొడుకు తర్వాత కొడుకంతటివాడు. పొరుగోడికి వాకిలి దాకానే దోవ తెలుస్తుంది. మేనల్లుడికి వంటిల్లు కూడా తెలుసు. మామ ఎప్పుడు ఎక్కడుంటాడో, ఎవర్ని నమ్ముతాడో, దేనికి భయపడతాడో అన్నీ తెలుసు.

మామా అల్లుళ్ల మధ్య డబ్బు గొడవలు, రాజకీయ విభేదాలు ముదిరాయన్నది పోలీసులు చెప్పిన కారణం. ఇందులో అర్థం కానిదేమీ లేదు. పరాయివాడికి అప్పిస్తే నోటు రాయించుకుంటాం. సొంతవాళ్ల దగ్గర ఎవరు రాయించుకుంటారు? నీకోసం ఇంత తిరిగాను, ఇంత పెట్టాను, నాకేమిచ్చావు అనే లెక్క మనసులోనే ఉండిపోతుంది. ఆ బాకీకి కోర్టు లేదు. పెద్దమనుషులు కూర్చోబెట్టి తేల్చాలి, లేదంటే రగులుతూనే ఉంటుంది. సీమలో నెత్తురు పారితే ఫ్యాక్షన్ అని ఒక్కమాటలో తేల్చేయడం మనకు అలవాటు. ఈ కేసు ఆ మాటకు లొంగదు.

ఇంటివాడి తప్పు గురించి చెప్పే పాత కథ ఒకటి ఇక్కడికి దగ్గర్లోనే ఉంది. చిత్తూరు నుంచి ఐరాల మండలంలోకి అడుగుపెడితే కాణిపాకం. అక్కడి గుడిలో వరసిద్ధి వినాయకుడి ముందు అబద్ధమాడితే బతకరని జనం నమ్మకం. రాజకీయ నాయకులు కూడా ఇక్కడికొచ్చి ప్రమాణం చెయ్యి చూద్దాం అని సవాళ్లు విసురుకుంటారు. ఆ గుడి పక్కన పారే బాహుదా నదికి ఒక కథ ఉంది. శంఖుడు, లిఖితుడు అన్నదమ్ములు. దారిలో తమ్ముడికి ఆకలేసింది. తోటలో మామిడిపండు కనిపించింది. వద్దని అన్న చెప్పినా కోసుకు తిన్నాడు. అన్న దాచలేదు. తమ్ముణ్ని తనే రాజు ముందు నిలబెట్టాడు. రాజు రెండు చేతులూ నరికించాడు. తర్వాత ఆ ఏట్లో మునిగితే చేతులు తిరిగొచ్చాయంటారు. ఒక్క మామిడిపండుకు అంత శిక్షా అని వినేవాళ్లకు అన్న మీదే కోపమొస్తుంది. కానీ తప్పు చిన్నగా ఉన్నప్పుడే పట్టుకున్నది ఇంటివాడే.

కఠారి కుటుంబంలో ఆ చిన్న తప్పు ఏ రోజు మొదలైందో, ఎవరు చూసీ చూడనట్టు ఊరుకున్నారో ఏ ఛార్జిషీటులోనూ ఉండదు.

ఆ నవంబరు ముగిసేలోపే చింటూ కోర్టులో లొంగిపోయాడు. ఆ తర్వాత మొదలైంది అసలు నిరీక్షణ. వాయిదా మీద వాయిదా. అత్తమామలు పోయిన ఇంటి నుంచి కోడలు హేమలత రాజకీయాల్లోకి వచ్చి చిత్తూరు మేయరయ్యారు, మాజీ కూడా అయ్యారు, రాష్ట్రంలో ప్రభుత్వాలు మారాయి, కేసు మాత్రం కోర్టు మెట్ల మీదే ఉంది. నిందితులు మొత్తం 23 మంది. ఒకరు తీర్పు వినకుండానే చనిపోయారు. ఇంకొకరిని కేసు నుంచి తప్పించారు.

2025 అక్టోబరు 24, శుక్రవారం. చిత్తూరు కోర్టు తీర్పు చదివింది. 16 మంది నిర్దోషులు. ఐదుగురు దోషులు. వాళ్లలో మొదటి పేరు చింటూది.

శిక్ష మాత్రం ఆ రోజు చెప్పలేదు.

వారం గడిచింది. అక్టోబరు 31. కోర్టు చుట్టూ పోలీసు బందోబస్తు. దోషులు ఐదుగురికీ ఉరిశిక్ష పడింది. మేనమామనూ అత్తనూ చంపించిన కుట్రకు మేనల్లుడే మూలమని, దాదాపు పదేళ్ల తర్వాత, న్యాయస్థానం తేల్చింది. చట్టం ప్రకారం కింది కోర్టు వేసిన ఉరిశిక్షను హైకోర్టు ధ్రువీకరిస్తే తప్ప అమలు చేయడానికి వీల్లేదు.