చుట్ట స్ప్రింగు కథ

బస్తర్ ప్రాంతంలోని బైలాడిలా కొండలు దూరం నుంచి ఎద్దు మూపురంలా కనిపిస్తాయి. ఆ పేరుకు అర్థం కూడా అదే. వాటి నిండా మేలైన హెమటైట్ ఖనిజం ఉంది. 1968లో పెద్ద ఎత్తున తవ్వకం మొదలై, ఖనిజం రైలు మార్గాన విశాఖపట్నం రేవుకూ, అక్కడి నుంచి జపాన్‌కూ చేరింది. అయితే అంతకు ఎంతో కాలం ముందే బస్తర్ కమ్మరులు మట్టి కొలుముల్లో, కర్రబొగ్గు మంటతో ఇనుము తీసేవారు. ఆ వేడికి ఇనుము కరగదు, స్పాంజి లాంటి ముద్దగా మిగులుతుంది. దానిని సమ్మెటతో బాది చిట్టెం వెళ్లగొడితే చేత ఇనుము వస్తుంది. దానితో నాగలి కర్రు, గొడ్డలి, దీపపు సెమ్మె చేయవచ్చు. కాని కారును మోసే స్ప్రింగు చేయలేం. కారణం ఏమిటి?

చేత ఇనుప కడ్డీని కాస్త గట్టిగా వంచితే అది వంగినట్టే ఉండిపోతుంది. స్ప్రింగు ఉక్కు మాత్రం బలం తీసేయగానే మొదటి ఆకారానికి వస్తుంది. ఇనుములో సుమారు 0.6 శాతం కార్బన్, కొంత సిలికాన్, మాంగనీసు కలిపి, ఎర్రగా కాల్చి నూనెలో చల్లార్చి, మళ్లీ తగుమాత్రం వేడిచేస్తే ఈ గుణం వస్తుంది. దీనివల్ల లోహం బిరుసు పెద్దగా మారదు. అది తిరిగి రాగల హద్దు మాత్రం ఎంతో పెరుగుతుంది.

ఈ హద్దులోపల సాగుదల బలానికి అనులోమానుపాతంలో ఉంటుందని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించాడు. గుర్రపు బగ్గీలకు ఉక్కు పట్టీలు పేర్చిన స్ప్రింగులు వాడేవారు. మన లారీ మెకానిక్కులు వాటినే కమాన్లంటారు. కార్లలో చాలాకాలం వీటిదే రాజ్యం. అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ 1934లో తన కార్లలో కొన్నింటికి ముందు చక్రాల దగ్గర చుట్ట స్ప్రింగులు అమర్చింది. ఒక చక్రం గుంటలో పడితే రెండో చక్రం కదలకుండా ఉండే ఏర్పాటు అది.

మన దేశంలో ఒకప్పుడు వీధివీధినా తిరిగిన ప్రీమియర్ పద్మినిలో కూడా ముందు చక్రాలకు చుట్ట స్ప్రింగులే. ఇటలీ ఫియట్ 1100 నమూనా నుంచి వచ్చిన కారు అది. అంబాసిడర్‌లో వీటి స్థానంలో మెలితిరిగే ఉక్కు కడ్డీలుండేవి. నిజానికి చుట్ట స్ప్రింగు కూడా చుట్టగా వంచిన అలాంటి కడ్డీయే. దాన్ని నొక్కినప్పుడు తీగ మెలితిరుగుతుంది.

పాత కార్లను ఇష్టంగా బాగుచేసుకునేవారికి ఇక్కడే అసలు ప్రమాదం ఎదురవుతుంది. స్ప్రింగు తనలో దాచుకున్న శక్తి, స్థిరాంకాన్నీ నొక్కిన దూరపు వర్గాన్నీ గుణించగా వచ్చినదానిలో సగం. ఉదాహరణకు మిల్లీమీటరుకు 50 న్యూటన్ల బలం కోరే స్ప్రింగును 120 మి.మీ. నొక్కామనుకుందాం. అందులో 360 జౌళ్ల శక్తి ఉంటుంది. ఆ శక్తి అంతా గతిజశక్తిగా మారితే 3 కిలోల స్ప్రింగు గంటకు సుమారు 56 కి.మీ. వేగంతో దూసుకుపోతుంది. నిట్టనిలువుగా అయితే 12 మీటర్లు ఎగురుతుంది. తాడుతోనో ఇనుప తీగతోనో కట్టి విప్పే అలవాటు ఎంత అపాయమో ఈ లెక్కే చెబుతుంది.

సరైన పద్ధతిలో తొందరకు చోటు లేదు. కారును చదునైన గట్టి నేల మీద నిలిపి, వెనక చక్రాలకు అడ్డు పెట్టాలి. జాకీతో ఎత్తాక చట్రం కింద స్టాండ్లు ఉంచాలి. ఒక్క జాకీని నమ్మి కారు కిందికి వెళ్లకూడదు. చక్రం తీశాక, కింది చేతిని మరో జాకీతో ఆపాలి. స్ప్రింగును బిగించి పట్టే కంప్రెసర్ కొక్కేలను ఎదురెదురుగా తగిలించి, రెండు మరలనూ మార్చి మార్చి కొద్దికొద్దిగా తిప్పాలి. ఒకవైపే బిగిస్తే స్ప్రింగు విల్లులా వంగి జారిపోతుంది. చుట్టలు వాటి గూట్లో వదులయ్యాకే కీలు విప్పి, కింది చేతిని మెల్లగా దించాలి. ఈ పని జరుగుతున్నంతసేపూ స్ప్రింగుకు సూటిగా ముఖం పెట్టకూడదు. కారు కారుకూ అమరిక మారుతుంది కనుక ఆ నమూనా మరమ్మతు పుస్తకాన్ని దగ్గర ఉంచుకోవాలి.

అమర్చేటప్పుడు ఇదే వరుస తిరగబడుతుంది. అయితే ఒక జాగ్రత్త ఎక్కువ. తీగ చివర గూటిలోని తన స్థానంలో సరిగ్గా కూర్చుందో లేదో చూశాకే కంప్రెసర్‌ను వదులు చేయాలి. ఒకవైపు స్ప్రింగు మారిస్తే రెండోవైపుదీ మార్చాలి. లేకపోతే కారు ఒక పక్కకు ఒరుగుతుంది.

కారు ఎత్తు తగ్గించడానికి కొందరు గ్యాస్ మంటతో స్ప్రింగును కాల్చుతారు. అంత వేడికి నూనెలో చల్లార్చి తెచ్చుకున్న గుణం పోతుంది. కాల్చిన చోట అది తిరిగి రావడం మరచిపోయి, బరువుకు కుంగిపోతుంది. కర్రుకు ఆ మెత్తదనం ఉన్నా ఫరవాలేదు, మళ్లీ కాల్చి సాగగొట్టుకోవచ్చు. మలుపులో కారు బరువంతా మోస్తున్న స్ప్రింగుకు ఆ అవకాశం ఉండదు.